ట్రీట్లు, చదివింపులు, నలభై కౌంటు రొయ్య

అక్టోబర్ 30న మా కాలేజీలో పొదుపు మీద వ్యాసరచన పోటీ పెట్టారు. ప్రపంచ పొదుపు దినం అసలైతే 31. 1924లో ఇటలీలోని మిలాన్‌లో పొదుపు బ్యాంకుల వాళ్ళంతా కూడి ఆ తేదీని ఖాయం చేసుకున్నారు. మన దగ్గర 31 ఇందిరా గాంధీ వర్ధంతి కాబట్టి ఒక రోజు ముందే కానిచ్చేస్తారు. ఇంటర్ పిల్లలకి కామర్స్ చెప్పేది నేనే కనుక పేపర్లు దిద్దే పని నా మెడకే పడింది. మొత్తం అరవై రెండు పేపర్లు.

"నేటి యువత విచ్చలవిడిగా ఖర్చు చేస్తోంది" అని మొదలు కాని పేపరు వెతుక్కోవాల్సి వచ్చింది. రాసిందేమో ఆ యువతే. చీమ, మిడత కథ పద్దెనిమిది మంది రాశారు. బిందువు బిందువు కలిసి సింధువైన పేపర్లు లెక్కపెట్టలేదు. మధ్యలో ఒక అమ్మాయి పేపరు తగిలింది. అందులో నాలుగే వాక్యాలు. "మా నాన్న ఈ పంటకి చెరువు వేయలేదు. నేను ఆగస్టు నుంచి మధ్యాహ్నం క్యాంటీన్‌కి వెళ్ళడం మానేశాను. ఫ్రెండ్స్‌కి ఆకలిగా లేదని చెప్తున్నాను. ఇంట్లో తిన్నానని చెప్తున్నాను." అంతే. కింద సంతకం కూడా పెట్టలేదు.

మొదటి బహుమతి దానికే ఇద్దామన్నాను. కనీసం 300 పదాలు ఉండాలని రూలు ఉందన్నారు. చీమ గెలిచింది.

ఆ నాలుగు వాక్యాలు నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే సరిగ్గా అదే సమయంలో మా ఇంట్లో ఇంకో పదహారేళ్ళవాడు, మా అబ్బాయి, 2,299 రూపాయల బూట్లకోసం నాతో మాటలు మానేసి ఉన్నాడు. వాళ్ళ నాన్నదీ రొయ్యల చెరువే. అక్కడా ఇక్కడా దెబ్బ ఒకటే. ఆ పిల్ల తిండి మానేసింది, మావాడు బూట్లు కావాలంటున్నాడు. ఆ పిల్ల మంచిది, మావాడు చెడ్డవాడు అని తేల్చేస్తే పని సులువే. కానీ నాకు అలా తేలలేదు. ఇద్దరికీ ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ పిల్ల సగం పసిగట్టి భయపడింది. మావాడు అసలు పసిగట్టలేదు. పిల్లల దుబారా గురించి, పొదుపు గురించి మనం చెప్పే నీతులన్నీ పక్కన పెట్టి ముందు ఇంట్లో ఎంత ఉందో, ఎంత పోయిందో అంకెల్లో చెప్పాలన్నది నా వాదన. దానికి నా దగ్గరున్న సాక్ష్యం మా ఇల్లే.

మాది భీమవరం. ఇక్కడ మాంద్యం అనే మాట ఎవరూ వాడరు. "రేటు పడిపోయింది" అంటారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం ముందు 25 శాతం చేసి, 27వ తేదీ నుంచి 50 శాతానికి తీసుకెళ్ళింది. రొయ్యల మీద అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ లాంటి పాత సుంకాలు కూడా కలిసి అప్పట్లో దాదాపు 58 శాతం అయ్యింది. ఆర్డర్లు సగం ఆగిపోయాయనీ, రాష్ట్రానికి 25,000 కోట్ల దాకా నష్టమనీ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్రానికి లేఖ రాశారు. ఆ కోట్లు మన బుర్రకి ఎక్కవు. మా చెరువు లెక్క చెప్తాను, అది ఎక్కుతుంది.

కిలోకి నలభై రొయ్యలు తూగితే నలభై కౌంటు అంటారు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. వంద కౌంటు చిన్న రొయ్య చైనాకీ మరో చోటికీ పోతుంది. పెద్ద రొయ్యని ఎక్కువగా కొనేది అమెరికా వాళ్ళే. కాబట్టి ఈసారి బాగా పెంచినవాడే ఎక్కువ దెబ్బ తిన్నాడు. మా ఆయన ఐదెకరాలు లీజుకి చేస్తారు. ఎకరాకి రెండు టన్నుల చొప్పున పది టన్నులు. పట్టుబడి రోజున, అంటే చెరువులో రొయ్య పట్టే రోజున, కంపెనీ మనిషి ఫోన్‌లో రేటు చూసి, కిలోకి యాభై రూపాయలు తగ్గించి చెప్పాడు. పది వేల కిలోలు, యాభై రూపాయలు. ఐదు లక్షలు. రొయ్య బతికే ఉంది, కౌంటు బాగుంది, వైట్ స్పాట్ తెగులు రాలేదు, విబ్రియో జబ్బు రాలేదు. ఐదు లక్షలు మాత్రం లేవు. ఆ రాత్రి మా ఆయన అన్నం తిని, చేతులు కడుక్కుని, "పిల్లాడికి చెప్పకు, చదువు పాడవుతుంది" అన్నారు. సరే అన్నాను. నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను మరి.

చెప్పకూడదని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాక ఇంట్లో ఏం జరిగిందంటే, చెప్పకుండా తిట్టడం మొదలుపెట్టాం. ఫ్యాను ఎందుకు వేశావు, షాంపూ ఎందుకంత పోశావు, చికెన్ పకోడీ లేకపోతే ముద్ద దిగదా. వాడికి అర్థం కాదు. నిన్నటిదాకా లేని గొడవ ఇవాళ ఎందుకో తెలియదు. పైగా సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గింది కదా, దాన్ని ప్రభుత్వమే 'బచత్ ఉత్సవ్' అంది. పొదుపు పండగ అన్నమాట. ఎంత ఎక్కువ కొంటే అంత పొదుపు. ఆ పండగని మావాడు మనస్ఫూర్తిగా నమ్మాడు. "అమ్మా, 2,500 లోపు చెప్పుల మీద, బూట్ల మీద టాక్స్ 5 శాతానికి దించేశారు. ఇంతకుముందు వీటికి 18. ఇప్పుడు కొనకపోతే మనకే నష్టం" అన్నాడు. కామర్స్ మేడమ్ కొడుకు వాదన కాబట్టి అందులో తప్పు పట్టడానికి నాకు కాసేపు పట్టింది. "కొనకపోతే 2,299 లాభం" అన్నాను. అప్పుడే మాటలు మానేశాడు.

రెండు ఆదివారాలు గడిచాయి. మూడో ఆదివారం మధ్యాహ్నం, వాడిని తిట్టడానికి ఆధారాలు సంపాదిద్దామనే ఉద్దేశంతోనే, వాడి ఫోన్‌లో ఉన్న యూపీఐ చిట్టా తీయించాను. నా రెండో ఖాతా వాడి ఫోన్‌కి కలిపి ఉంది. జూన్‌లో కాలేజీ తెరిచినప్పటి నుంచి ఆగస్టు ఆఖరు దాకా మూడు నెలలు. వాడు చదువుతుంటే నేను పాత కొశ్చన్ పేపర్ వెనక రాశాను.

ఆ చదవడం వినాల్సిందే. "నలభై, సమోసా. ఇరవై, జిరాక్స్. నూట ఇరవై, షవర్మా. అరవై... అరవై దేనికో గుర్తులేదమ్మా. మూడు వందలు, కేకు. ఎనభై, పెట్రోలు. పది. పది. పది." పది దేనికిరా అంటే కాలేజీ గేటు దగ్గర చల్లటి సోడా అన్నాడు. మొదట్లో గబగబా చదివాడు. నాలుగో పేజీకొచ్చేసరికి గొంతు తగ్గింది. నోటు చేతిలోంచి పోతే తెలుస్తుంది, స్కాన్ చేస్తే డింగ్ అంటుందే తప్ప ఏమీ పోయినట్టుండదు. 2016లో యూపీఐ వచ్చినప్పుడు వీడికి ఏడేళ్ళు. జేబులో చిల్లర గలగలలాడటం అంటే ఏంటో ఈ తరానికి అసలు తెలియదేమో.

మొత్తం 14,380 తేలింది. నేను అనుకున్నదాని కంటే ఎక్కువే. కానీ నేను అనుకున్న చోట లేదు. ఫోన్‌లో ఆడే తుపాకుల ఆటకి పోసింది 1,150. అదే సగం ఉంటుందని నా అనుమానం. తిండీ తాగుడూ (సోడాలే లెండి) 3,640. జిరాక్స్, రీచార్జి, కటింగ్ లాంటివి 2,190. ఒక స్నేహితుడికి ఐదొందల చొప్పున మూడుసార్లు అప్పు. మిగిలిన 5,900 పుట్టినరోజు ట్రీట్లు, కేకు చందాలు, ఎవరి అన్నయ్య బైకులోనో పెట్రోలు వాటాలు. వాళ్ళలో ఒక్కడికీ లైసెన్సు వయసు రాలేదన్న గొడవ ఆ రోజుకి వాయిదా వేశాను.

"ట్రీట్లు ఇన్నేంట్రా?" అన్నాను. వాడు చెప్పిన జవాబు విన్నాక ఆధారాలన్నీ నా మీదకే తిరిగాయి. "నా బర్త్‌డేకి వాళ్ళందరూ వేసుకున్నారమ్మా. ఇప్పుడు నేను వేయకపోతే ఎలా?"

ఇది నేను ఎక్కడో విన్నాను. ఎక్కడో ఏంటి, మా బీరువాలోనే ఉంది. మా పెళ్ళి చదివింపుల పుస్తకం. ఎవరు ఎంత చదివించారో పేరు పేరునా రాసి ఉంటుంది, ఇరవై ఏళ్ళుగా దాని ప్రకారమే తిరిగి చదివిస్తున్నాం. ఐదొందలు చదివించిన వాళ్ళకి ఇప్పుడు ఐదొందలే ఇస్తే బాగోదని రెండు వేలు చేస్తాం. చెరువు పోయిన నెలలో కూడా మూడు పెళ్ళిళ్ళకి, ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. ఎక్కడా తగ్గించలేదు. తగ్గిస్తే ఊళ్ళో తెలిసిపోతుందని. మావాడి దగ్గర పుస్తకం లేదు, లెక్కంతా బుర్రలో ఉంది. అంతే తేడా. పదహారేళ్ళవాడి ఖర్చుని మనం సరదా అనుకుంటాం. అందులో చాలాభాగం సరదా కాదు, కట్టుబాటు. పదిమందిలో తలెత్తుకుని కూర్చోడానికి కట్టే కిరాయి. మనం కట్టేది పరువు, వాడు కట్టేది దుబారా అయిపోయింది.

బూట్ల సంగతీ అదేనని తర్వాత తెలిసింది. అంతకుముందు ఊళ్ళో కొన్న ఫస్ట్ కాపీ (బ్రాండుకి నకలు) జత చూసి క్లాసులో ఎవడో పేరులో స్పెల్లింగ్ తప్పుందని చదివి వినిపించాడట.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. లేకపోతే నేనేదో పిల్లల మనసు చదవగల తల్లినన్న అపోహ మిగులుతుంది.

1995లో నేను తొమ్మిదో తరగతి. ఉండి అనే ఊరి దగ్గర పల్లెటూరు. అప్పుడు ఇప్పటి వెనామీ రకం రొయ్య లేదు, దాన్ని మన దేశంలో 2009లో గానీ అనుమతించలేదు. అప్పటిది టైగర్ రొయ్య. వరి చేలు తవ్వి చెరువులు చేసిన వాళ్ళంతా రెండేళ్ళు రాజభోగాలు చూశారు. మా నాన్న మూడెకరాలు తవ్వాడు. కొత్త స్కూటరు, కలర్ టీవీ వచ్చాయి. తర్వాత తెల్లమచ్చ తెగులు, అదే వైట్ స్పాట్, వచ్చింది. ఆ రోజు పొద్దున నాకు బాగా గుర్తు. నాన్నకి టీ పట్టుకుని చెరువు దగ్గరికి వెళ్ళాను. గట్టు నిండా కాకులు, కొంగలు. అంత పొద్దున్నే అన్ని పిట్టలు ఎందుకొచ్చాయా అనుకున్నాను. జబ్బు చేసిన రొయ్య లోపల ఉండలేక గట్టు వారకి వచ్చేస్తుంది, పిట్టలకి మనకంటే ముందు తెలుస్తుంది. రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రేని నాన్న పైకి లాగాడు. మేత మేతలాగే ఉంది. ట్రేలో రెండు రొయ్యలు, ఎర్రబడి, తల పెంకు మీద ముగ్గు చుక్కల్లాంటి తెల్లటి మచ్చలు. నాన్న ఒకదాన్ని పట్టుకుని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశాడు. టీ చల్లారిపోయింది. "ఇంటికెళ్ళు" అన్నాడు.

అంతే, ఆ తర్వాత ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. అమ్మ చేతికి బంగారు గాజులు పోయి మట్టి గాజులు వచ్చాయి. అరుగు మీద సుద్దముక్కతో రాసే పాల లెక్కలో ఒక గీత తగ్గింది. రాత్రి దీపం ఆర్పాక పక్క గదిలో గుసగుసలు. నాన్నకి ఏదో పెద్ద జబ్బు చేసిందనీ, గాజులు అమ్మి మందులు తెస్తున్నారనీ నేను తేల్చుకున్నాను. మా స్కూల్లో సంచయిక ఉండేది. వారం వారం రూపాయో రెండో కడితే చిన్న పాస్‌బుక్కులో రాసి ఇచ్చేవారు, లెక్కలు చూసేదీ పిల్లలే. నాది మొత్తం 86 రూపాయలుంది. తీసుకొచ్చి నాన్న చేతిలో పెట్టాను, మందులకి అని.

నాన్న ఆ డబ్బు వంక, నా వంక చూసి గట్టిగా అరిచాడు. "ఎవరు చెప్పారు నీకు? నిన్నెవరడిగారు?" ఆయన నన్ను కొట్టినంత పని చేసింది ఆ ఒక్కసారే. ఇప్పుడు ఆలోచిస్తే అది కోపం కాదని తెలుస్తుంది. అప్పుడు తెలియలేదు. డబ్బు గురించి ఇంట్లో మాట్లాడటం తప్పని మాత్రం తెలిసింది.

ఆ ఏడాది నుంచి నేను చాలా పొదుపైన పిల్లని. బంధువులంతా మెచ్చుకునేవారు. పెన్సిలు వేళ్ళకి అందనంత పొట్టిగా అయ్యేదాకా రాసేదాన్ని. కాలేజీ టూరుకి వెళ్ళాల్సిన రోజు జ్వరం తెచ్చుకున్నాను. ఇవాళ్టికీ మా వంటింట్లో కడిగి ఆరేసిన ప్లాస్టిక్ కవర్లు ఒక సంచిడు ఉంటాయి, సరుకు పెట్టుకోవడానికి చోటు లేకుండా. నా మొదటి జీతంతో కొన్న పట్టుచీర మడత విప్పకుండానే మడతల దగ్గర చిరిగింది. దాన్ని అందరూ పొదుపంటారు. నాకు తెలిసిన పేరు వేరే ఉంది. అందుకే ఆ అమ్మాయి పేపరు చూసి నాకు ముచ్చటేయలేదు, గుండె జారింది. పదహారేళ్ళ వయసులో క్యాంటీన్ మానేసిన పిల్లని ఆదర్శం అంటూ స్టేజి మీద నిలబెట్టే పెద్దమనుషులుంటారు. ఆ పిల్ల దాచిన నలభై రూపాయలు ఏ చెరువునీ నిలబెట్టవు. నా 86 రూపాయలు నిలబెట్టనట్టే.

అయితే, చెప్పడం మాత్రం అంత తేలికా? మా తమ్ముడిది టెక్సాస్. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని, అమెజాన్ 18,000 మందిని తీసేస్తున్నామని చెప్పిన రోజుల్లోనే వీడి కంపెనీ కూడా వీడిని పంపించేసింది. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజులు. ఆలోగా ఇంకోటి దొరక్కపోతే ఇల్లు సర్దుకోవాలి. అక్కడ దాచడానికి వీల్లేదు, కాబట్టి పదహారేళ్ళ కూతురికి చెప్పారు. ఫ్రిజ్ మీద 60 నుంచి కిందకి అంకెలు రాసిన కాగితం అంటించారు. దాని స్నేహితురాళ్ళు బర్గర్ షాపులో సాయంత్రాలు పనిచేసి సంపాదించుకుంటారు. మా మేనకోడలు హెచ్1బీ వాళ్ళ పిల్లలకిచ్చే హెచ్4 వీసా మీద ఉంది, పని చేయడానికి లేదు. అంటే ఇంట్లో కష్టం తెలుసు, ఒక్క డాలరు తెచ్చే దారి లేదు. చేయగలిగింది ఖర్చు తగ్గించడమే. బ్యాండ్ ట్రిప్ మానుకుంది, బట్టలు పాతవి అమ్మే కొట్లో కొనుక్కుంది. దాంతోపాటు కడుపునొప్పి తెచ్చుకుంది. డాక్టర్ చూసి ఏమీ లేదన్నాడు. 41వ రోజు ఉద్యోగం దొరికింది. కడుపునొప్పి తగ్గడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

"మీ అమ్మానాన్నా నీకు చెప్పడం తప్పా?" అని తర్వాత దాన్నే అడిగాను. "చెప్పడం తప్పు కాదత్తా. రోజులు చెప్పారు, డబ్బు చెప్పలేదు. బ్యాంకులో ఎంతుందో నాకు తెలీదు. జీరో అనుకున్నాను" అంది. నిజానికి అప్పటికి వాళ్ళ దగ్గర ఎనిమిది నెలలకి సరిపడా ఉంది. భయం చెప్పి అంకె చెప్పకపోవడం, ఏమీ చెప్పకపోవడం కంటే కాస్త ఎక్కువ హింసేమో.

ఆదివారం ఆ 14,380 తేలాక మా ఆయన నల్ల అట్ట పుస్తకం నేనే తెచ్చి మధ్యలో పెట్టాను. మేత, సీడ్ (రొయ్య పిల్లలు), లీజు, కరెంటు, డీజిలు, మందులు, కూలీలు అన్నీ అందులోనే ఉంటాయి. ఖర్చులో సగం పైన మేతే. మా అత్తగారు గుమ్మంలోంచి "పసివాడికి ఇవన్నీ ఎందుకమ్మా" అంటూనే వచ్చి మంచం మీద కూర్చున్నారు, ఆవిడకీ ఎవరూ చెప్పలేదు కదా. మా ఆయన మొదట ముఖం గంటు పెట్టుకున్నారు. తర్వాత మావాడు "నలభై కౌంటుకి ముందెంత ఉంది నాన్నా?" అని అడిగేసరికి తనకి తెలియకుండానే పాఠం చెప్పడం మొదలుపెట్టారు. అమెరికా, ఈక్వడార్, ఏజెంటు, కంపెనీ, ఐస్, లారీ. గంటన్నర. ఇన్నేళ్ళలో ఆ తండ్రీ కొడుకులు అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడలేదు. చివర్లో ఎంత మిగిలిందో, మేత డీలరుకి ఎంత బాకీయో, బ్యాంకులో ఎంతుందో, వాడి ఫీజు ఏ డబ్బులోంచి కడతామో అన్నీ చెప్పాం. నీ ఫీజుకి ఢోకా లేదు, తిండికి లేదు, బూట్లకి మాత్రం లేదు. వాడు అడిగింది ఒక్కటే. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

వాడు మర్నాటి నుంచి సన్యాసి అయిపోయాడని రాస్తే మీరు నమ్మరు, నేనూ నమ్మను. షవర్మా మానలేదు. ఆటకి డబ్బులు పోయడం మానేశానన్నాడు, ఎనభై శాతం నమ్ముతున్నాను. నా రెండో ఖాతా తీసేసి యూపీఐ సర్కిల్ పెట్టాను. 2024లో వచ్చిన ఏర్పాటు అది, మన ఖాతా నుంచే వాళ్ళు కడతారు, నెలకి ఇంత అని మనం గీత గీయొచ్చు. 15,000 దాకా పెట్టొచ్చు, నేను రెండు వేలు పెట్టాను. ఆ రెండు వేలు ఎంతని ఇద్దరం కూర్చుని బేరమాడుకున్నాం. వాడు మూడున్నరతో మొదలుపెట్టాడు.

నేను ఊహించని చోట తగ్గింది. ఏదో ట్రీటు దగ్గర "మా నాన్న చెరువు దెబ్బతింది, నేను వేయలేను" అనేశాడట. నాలుగు రోజులు తిండి సహించనంత టెన్షన్ పడి మరీ అన్నాడు. ఒక క్షణం ఎవరూ మాట్లాడలేదట. తర్వాత ఇంకొకడు "మాది కూడారా" అన్నాడు. మరొకడి నాన్నది మేత కొట్టు, ఇచ్చిన అప్పులు వసూలు కావడం లేదు. ట్రీట్లు చేసుకునే వాళ్ళ జట్టు ఏడుగురిలో నలుగురి ఇళ్ళలో ఇదే కథ. నలుగురూ మూడు నెలలుగా ఒకరికి తెలియకుండా ఒకరు ఇంట్లో అబద్ధాలాడి డబ్బులు తెచ్చి, ఎవరికీ అక్కర్లేని కేకులు కోసుకున్నారు. ఇప్పుడు పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళింట్లోనే. మా ఇంట్లో పులిహోర, గారెలు చేశాను. గారెలు చాలలేదు.

కామర్స్ మేడమ్‌ని కాబట్టి దీనికి అడ్డం తిరిగే మాట కూడా నేనే చెప్పాలి. 1936లో ఆర్థికవేత్త కీన్స్ మహాశయుడు చెప్పింది ఏటా పాఠం చెప్తూనే ఉన్నాను. చెడ్డకాలంలో అందరూ ఒకేసారి గుప్పిట బిగిస్తే ఒకరి పొదుపు ఇంకొకరి ఆదాయానికి కోత అవుతుంది, చివరికి అందరూ ఇంకా చితికిపోతారు. బోర్డు మీద గీతలు గీసి చెప్పేటప్పుడు ఎంత బాగుంటుందో. కాలేజీ గేటు దగ్గర నూడిల్స్ బండి అతను నవంబర్లో రెండో పొయ్యి తీసేశాడు. మా పిల్లలు తెలివిమీరినందుకు అతని పొయ్యి ఆరింది. దీనికి నా దగ్గర జవాబు లేదు, అప్పుడప్పుడు నేను వెళ్ళి ఒక ప్లేటు పార్సిల్ కట్టించుకుంటున్నాను. కానీ దేశం డిమాండు నిలబెట్టే బాధ్యత పదహారేళ్ళవాడి జేబు మీద పెట్టలేం కదా.

ఇంకో అభ్యంతరం మా స్టాఫ్ రూములో వచ్చింది. "అన్నీ చెప్పేస్తే పిల్లలకి మన మీద గౌరవం ఉండదు" అని. ఉండదనే నేనూ భయపడ్డాను. జరిగింది వేరు. గౌరవం సంగతి తెలియదు గానీ, వాడికి ప్రశ్నలు వేయడం అలవాటైంది. నల్ల అట్ట పుస్తకం వాడే రాస్తానన్నాడు, వాళ్ళ నాన్న రాత ఎవరికీ అర్థం కాదని సాకు. రాస్తూ రాస్తూ పాత పేజీలు తిరగేశాడు. జనవరి పేజీ దగ్గర ఆగాడు.

"నాన్నా, సంక్రాంతి మూడు రోజులు, ఇతర ఖర్చులు 38,000 అని ఉంది. ఇతర అంటే?"

భీమవరంలో సంక్రాంతికి ఇతర ఖర్చులంటే ఏంటో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. కోర్టులు వద్దన్నా, పోలీసులు బోర్డులు పెట్టినా కోడిపందేల బరులు వెలుస్తాయి, చుట్టాలు హైదరాబాదు నుంచి కార్లేసుకుని దిగుతారు, కోడి మీద కాయలేనివాడు మగాడే కాదన్నట్టు ఉంటుంది. 38,000 అంటే మావాడి ఎనిమిది నెలల ఖర్చు, సమోసా, షవర్మా, కేకులు, తుపాకుల ఆట అన్నీ కలిపి. మా ఆయన సమాధానం చెప్పలేదు. ఫ్యాను వంక చూశారు. తర్వాత "దీనికి బేరింగ్ పోయినట్టుంది" అన్నారు. మా అత్తగారు మాత్రం పైట నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఇది రాస్తున్నది డిసెంబర్ ఆఖరు. వీధిలో ముగ్గులు మొదలయ్యాయి, గొబ్బెమ్మలకి పేడ తెమ్మని పొద్దున్నే అత్తగారి కేకలు. మొన్న మా ఆయనకి ఫోన్ వచ్చింది, ఈసారి బరి ఎక్కడో చెప్పడానికి. మాట్లాడుతూ మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళారు. మావాడు చదువుకుంటున్నవాడు చదువుకుంటున్నట్టే ఉండి, పుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన 'జనవరి 2026' అని రాసి, ఎడమ వైపు ఇతర అని రాసి, కుడి వైపు ఖాళీ వదిలాడు.